మనిషి పడుకునే టెంటు

కొత్తపేట అమ్మాజీ టీచరు ఇరవై ఏళ్ళుగా బోర్డు మీద గోదావరి పాయలు గీస్తోంది. పాయ సముద్రంలో కలిసేచోట సుద్దముక్కతో చుక్క పెట్టి "ఇదే అంతర్వేది" అంటుంది. గురువారం పొద్దున్న పెసరట్టు తిరగేస్తూ, ఆ చుక్క దాకా సైకిళ్ళ మీద వెళ్ళి చూసొద్దామని మొగుడితో అంది.

"బస్సుందిగా!" అన్నాడు సూర్యారావు.

"బస్సెక్కితే నాకు నిద్దరొచ్చేస్తుందండీ. పాయ ఎక్కడ చీలిందో, నీళ్ళు ఎక్కడ ఉప్పనయ్యేయో చూడొద్దూ?"

సూర్యారావుది కొబ్బరికాయల వ్యాపారం. కాయ ఊపి చూసి లోపల నీళ్ళెన్నో చెప్పేస్తాడు గానీ, ఆ కాయ కాసిన తోట దాకా నడిచిన పాపాన పోలేదు. అమ్మాజీ మాత్రం దారంతా ఆలోచించి పెట్టుకుంది. శుక్రవారం బయల్దేరి, శనివారం గుడికి జనం రాకముందే వాడపల్లి దాటేసి, ఏటిగట్టు మీదుగా ఐనవిల్లి, అక్కణ్ణించి అమలాపురం, మలికిపురం, చివరికి అంతర్వేది. మూడు రోజులు. లాడ్జి లేదు, హోటల్ లేదు. తినడానికి అటుకులు, అరటిపళ్ళు, పడుకోడానికి టెంటు. టెంటు కొంటే బడ్జెట్టంతా దానికే పోతుంది కాబట్టి అద్దెకి తేవాలి. ఆ ఒక్క పనీ మొగుడికి అప్పజెప్పి బడికి వెళ్ళిపోయింది.

సూర్యారావు ప్రాణం లేచొచ్చింది. ఊళ్ళో టెంటంటే పెళ్ళికో చావుకో వేసేదే తప్ప సైకిలుకి కట్టుకెళ్ళేది ఎవరి దగ్గరా ఉండదు. అడిగితే లేదంటారు. లేదన్నారని చెబితే ప్రయాణం ఆగుతుంది, అబద్ధమాడిన పాపమూ అంటదు. పెళ్ళాం ముఖం మీద వద్దనడం కంటే ఇదే క్షేమమనుకుని, సాయంత్రం టెంట్‌హౌస్ సత్యానందానికి ఫోన్ చేశాడు.

"పెద్దదక్కర్లేదయ్యా. ఓ మనిషి కాళ్ళు చాపుకుని పడుకుంటే చాలు."

సత్యానందం గొంతు తగ్గించాడు. "అయ్యో... ఎప్పటికండీ?"

"రేపు తెల్లారేసరికి. ఎండెక్కకుండా తీసుకెళ్ళిపోవాలి."

"ఏటిగట్టుకే కదండీ?"

"ఆఁ, గట్టు మీదుగానే. మూడు రోజులకి కావాలి."

"ఆయ్, మూడోరోజు దాకా ఉంచుదామండీ. తవరు ధైర్యంగా ఉండాలండీ."

"ఆ ధైర్యం లేకే కదయ్యా ఈ గొడవంతా!"

పోయిందెవరని నోరు తెరిచి అడగడం కోనసీమలో మర్యాద కాదు. సత్యానందం అడగలేదు. అలాగని లేదనీ అనలేదు. సూర్యారావు గుండెల్లో రాయి పడింది.

ఇక గత్యంతరం లేక శుక్రవారం తెల్లవారకముందే ఆయనకి నడుం పట్టేసింది. మూలుగుతూ వీధి వరండాలో మడతమంచం వేయించుకుని, దోమలని వంక పెట్టి తల మీదుగా దుప్పటి ముసుగు తన్నాడు.

"కేరియర్ బిగించమని నా సైకిలు షాపులో ఇచ్చేను. తెచ్చేసుకుంటాను," అంది అమ్మాజీ. "వచ్చేసరికి మీకు తగ్గకపోతే మానేద్దాంలెండి. మిమ్మల్నొదిలి నేనొక్కదాన్నీ ఎక్కడికెళ్తాను?"

ఆ గొంతు వింటే సూర్యారావుకి మనసు చివుక్కుమంది. కాస్తే. తర్వాత హాయిగా నిద్రపట్టింది.

మెలకువ వచ్చేసరికి చుట్టూ గుసగుసలు. దుప్పటి సందులోంచి చూస్తే ఎర్రా నీలం చారల నీడ. ఇంటిముందు ఇనప గొట్టాలు పాతి షామియానా ఎత్తేశారు. కుర్చీలు దించుతున్న చప్పుడు. వీధిలో సగంమంది వచ్చినట్టున్నారు. తన నడుంనొప్పికి ఊరు ఇంతగా కదిలిపోతుందని సూర్యారావు కలలో కూడా అనుకోలేదు. ఇంతమంది ముందు లేచి కూర్చుంటే పరువు పోతుందని, కదలకుండా చెవులు రిక్కించాడు.

"ఎలా జరిగిందోనండీ?" అని ఓ గొంతు ఆరా తీసింది. పాలపేకెట్టు కోసం బయల్దేరి ఇక్కడ ఆగిపోయిన పక్కింటి పెద్దింట్లమ్మగారు.

"నేనడగలేదండీ. సూర్యారావుగారే ఫోన్ చేసేరు. ఆయన సామానుకి వెళ్ళుంటారు," అన్నాడు సత్యానందం.

"నిన్న బడి నుంచి వస్తూ నాకు ఎదురుపడ్డారండి. రాయిలా ఉన్నారు," అన్నాడు సూర్యారావు వ్యాపార భాగస్వామి వీరవెంకటరమణ.

నేను బడికెందుకు వెళ్ళాను, అనుకున్నాడు సూర్యారావు. ఇంతలో చల్లగా, బరువుగా ఏదో కాళ్ళ మీద పడింది. బంతిపూల వాసన. నడుంనొప్పికి దండెందుకో ఆయనకి అర్థం కాలేదు.

"సైకిలు మీద సముద్రం చూసొస్తానని నిన్నే చెప్పిందండీ!" పెద్దింట్లమ్మగారు ఒక్కసారిగా భోరుమంది. "ఆ ఒక్క ముచ్చటా తీరకుండానే పోయేవా అమ్మాజీ!"

సూర్యారావుకి ఒళ్ళు చల్లబడిపోయింది. అమ్మాజీ సైకిలు షాపుకి వెళ్ళింది. రోడ్డు మీద ఇసక లారీలు. ఇంతమంది వచ్చింది అందుకా? కాపురానికొచ్చాక ఆవిడ నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. దానికి తను దొంగనొప్పి తెచ్చుకుని దుప్పటి కప్పుకున్నాడు.

"అమ్మాజీ!" అని దుప్పటితో సహా లేచాడు.

సత్యానందం మోకాళ్ళ మీద కూలబడి ప్రార్థన అందుకున్నాడు. వీరవెంకటరమణ గేటు తియ్యడం మరిచి గోడ దూకాడు. సూర్యారావు కాళ్ళకి చుట్టుకున్న దండతోనే కుర్చీల వరస మీంచి దూకి, షామియానా తాడు దాటి, వీధిలోకి పరుగెత్తాడు.

ఎదురుగా ట్రింగుమని బెల్లు కొడుతూ అమ్మాజీ వస్తోంది. పెద్దింట్లమ్మగారి ఏడుపు అరుపుగా మారింది.

సూర్యారావు నడిరోడ్డు మీద చతికిలబడి, సైకిలు ముందుచక్రం పట్టుకుని చంటిపిల్లాడిలా ఏడ్చాడు. "నువ్వు పోయేవంటున్నారే!"

"చెప్పేను కదండీ, మిమ్మల్నొదిలి నేనెక్కడికి పోతాను?" అంది అమ్మాజీ, కంగారుగా దిగి ఆయన తల నిమురుతూ. తర్వాత షామియానా వంక చూసింది. కుర్చీలు చూసింది. మడతమంచానికీ చక్రానికీ మధ్యనున్న దూరం కూడా చూసింది.

"అవునూ, మీ నడుమేవైందండీ?"

వీధంతా ఆసక్తిగా సూర్యారావు వైపు తిరిగింది.

"తగ్గిందే," అన్నాడు ఆయన.

"ఎప్పుడూ?"

"ఇందాకే."

వేసిన టెంటు శుభం జరక్కుండా విప్పితే ఇంటికి మంచిది కాదని పెద్దింట్లమ్మగారు తీర్మానించింది. చేతికందిన శుభం ప్రయాణమొక్కటే కాబట్టి దంపతుల్ని షామియానా కింద నిలబెట్టి హారతిచ్చారు. సత్యానందం సిగ్గుపడుతూ సైడు పరదా ఒకటి మడిచి సూర్యారావు సైకిలుకి కట్టాడు. "రెండు కొబ్బరిచెట్ల మధ్య కట్టుకోండి. మనిషి నిక్షేపంలా పడుకోవచ్చండీ. అద్దె వద్దులెండి." ఐనవిల్లిలో తన చెల్లెలింట్లో భోజనం చేయకుండా వెళ్తే ఒప్పుకోనని పెద్దింట్లమ్మగారు ఒట్టు పెట్టించుకుంది.

ఇన్ని కళ్ళ ముందు వెనక్కి తగ్గే దారి లేక సూర్యారావు సైకిలెక్కాడు. పక్కనే అమ్మాజీ. ఆవిడ ముఖంలో వెలుగు చూసి ఆయనకి నిజంగానే ఉత్సాహం వచ్చింది. గట్టిగా తొక్కాడు. చెమట్లు పట్టేదాకా తొక్కాడు. ఆయాసమాపుకుని అడిగాడు:

"అంతర్వేది ఇంకా ఎంత దూరమే?"

"ఇంకా మన వీధి దాటలేదండీ."