నాలుగో గదిలో మూడో దిండు

పొద్దున్నే ఆరింటికి, సరస్సు ఒడ్డున ఉన్న పద్నాలుగు గదుల హోటల్లో, మేనేజరు ఒక కాగితం మీద ఆ రోజు కార్యక్రమం రాసుకున్నాడు. ఎనిమిదింటికి టిఫిను, తొమ్మిదింటికి వంటింటి వెనక ఎరువు గుంత, పదింటికి కుట్టుగది, పదకొండింటికి సంతకం. సంతకం అనే మాట కింద రెండు గీతలు గీశాడు. ఆ కాగితం కూడా కొత్తదేమీ కాదు. పోయిన ఏడాది క్యాలెండరులో ఒక నెల వెనకవైపు.

సంతకం పెట్టాల్సింది నిన్న సాయంత్రం బస్సు దిగిన ఇన్‌స్పెక్టరు మేడమ్. యాత్రికులను తిప్పే ఒక కంపెనీ, ఏ వస్తువునూ పారేయకుండా మళ్ళీ మళ్ళీ వాడుకునే హోటళ్ళ దగ్గరే వచ్చే సీజను నుంచి తన బస్సులు ఆపుతానంది. అలాంటి హోటళ్ళ గేటుకు గుండ్రటి ఆకుపచ్చ బోర్డు తగిలిస్తారు. మేడమ్ సంతకం పెడితే బోర్డు, బోర్డుంటే బస్సులు. బస్సులు రాకపోతే ఈ స్థలాన్ని తమ కార్లు నిలుపుకోవడానికి ఇమ్మని పక్కనున్న ఏడంతస్తుల హోటలు వాళ్ళు ఎప్పటినుంచో అడుగుతున్నారు. ఈ హోటలు మేనేజరు అక్కగారిది. "ఈసారి కూడా కాకపోతే ఇచ్చేస్తాను తమ్ముడూ, నాకింక ఓపిక లేదు" అని ఆవిడ పోయిన వారమే చెప్పేసింది. అక్క ఉత్తుత్తి బెదిరింపులు బెదిరించే మనిషి కాదు. పద్దెనిమిదేళ్ళుగా ఆ హోటలే ఇల్లుగా బతుకుతున్న మేనేజరుకు అప్పటినుంచి అన్నం సహించడం లేదు.

ఈ విద్య నేర్పడానికి మూడు నెలల కిందట కంపెనీవాళ్ళు ఒక శిక్షకుణ్ణి పంపారు. ఆయన బోర్డు మీద పెద్ద సున్నా చుట్టి, వస్తువు ఒక చివర వచ్చి ఇంకో చివర పోకూడదనీ, ఇలా తిరుగుతూ ఉండాలనీ చెప్పి వెళ్ళిపోయాడు. ఆ సున్నా మేనేజరు బుర్రలో దూరి కూర్చుంది. ఏది చూసినా తరవాత ఇదేమవుతుందో తెలుసుకోవాలనే కుతూహలం పట్టుకుంది. చిరిగిన కర్టెన్లు దిండు గలీబులయ్యాయి. వాటిలో ఏ రెండూ ఒక్కలా ఉండవు. అతిథులు వదిలేసిన సబ్బు ముక్కలు గుడ్డ సంచుల్లో చేరి కుళాయిల దగ్గర వేలాడాయి. ఎవరేం పారేయబోయినా "ఉంచండి, పనికొస్తుంది" అనడంతో పనివాళ్ళు అతనికి ఉంచుబాబు అని పేరు పెట్టారు. అదీ పారేయకుండా ఉంచుకున్నాడు.

దిండ్లకు అతను పెట్టిన నియమం మాత్రం ఎక్కడా లేనిది. రోజూ పొద్దున దిండు మధ్యలో పిడికిలితో గట్టిగా నొక్కాలి. ఐదు లెక్కపెట్టేలోగా అది పైకి లేవాలి. లేవకపోతే దాని పని అయిపోయినట్టే, తిన్నగా కుట్టుగదికి పోవాలి. గదులు సర్దే పిన్ని ఈ నియమాన్ని ఎంత నిష్ఠగా పాటించేదంటే, ఆవిడ లెక్కపెడుతుంటే పక్కగది వాళ్ళకు మెలకువ వచ్చేది.

ఎనిమిదింటికి పిన్ని మొహం వెలిగిపోతూ ఎదురొచ్చింది.

"బాబూ, మేడమ్ నడకకెళ్ళినప్పుడు నాలుగో గది సర్దేశాను. అక్కడ ఒకటి దొరికింది. ఇరవై లెక్కపెట్టినా లేస్తే ఒట్టు. కుట్టుగదిలో ఇచ్చేశాను."

"మంచి పని చేశావు పిన్నీ. ఎన్నున్నాయి అక్కడ?"

"మూడు."

ఆ హోటల్లో గదికి రెండే దిండ్లు ఇస్తారు. నిన్న సాయంత్రం మేడమ్ బస్సు దిగుతూ చంకలో ఒక దిండుతో దిగింది. అది అందుకుని గదిదాకా మోసింది మేనేజరే. "ముప్పై ఏళ్ళుగా నాతోనే తిరుగుతోంది. ఇది లేకుండా నేనెక్కడికీ వెళ్ళింది లేదు" అని ఆవిడ అనడం కూడా చెవులారా విన్నాడు.

"పిన్నీ, దాని గలీబు మీద పువ్వులున్నాయా?"

"ఉన్నాయి. మన గలీబులన్నీ పువ్వులే కదా బాబూ."

మేనేజరు పై ప్రాణాలు పైనే పోయాయి. కుట్టుగదికి పరుగెత్తాడు. అక్కడ టైలరు మాస్టారు మిషను పక్కన తీరిగ్గా టీ తాగుతున్నాడు. మామూలుగా ఆయనకు ఒక బొత్తాం కుట్టడానికి రెండు రోజులు పడుతుంది.

"మాస్టారూ, పొద్దున పిన్ని ఇచ్చిన దిండేదీ?"

"అయిపోయింది. ఇన్‌స్పెక్షను కదా, అరగంటలో లేపేశాను" అన్నాడు మాస్టారు గర్వంగా. "దూది దులిపి మూడు కుర్చీ మెత్తలు నింపాను. హాల్లో వేసేశారు కూడా. గలీబుతో రెండు సబ్బు సంచులు వచ్చాయి. బొత్తాలు వంటాయన కోటుకి కుట్టాను. మిగిలిన పీలిక తోటలో కాకర పాదుకి కట్టాను. ఒక్క పోగు పారేస్తే అడగండి."

ఏళ్ళ తరబడి బతిమాలినా రాని చురుకు మాస్టారికి సరిగ్గా ఆ రోజే వచ్చింది. అయితే ఒక్క ఆశ మిగిలింది. ఏ రోజు కుట్టినవో తెలియడానికి మాస్టారు రోజుకో రంగు దారం వాడతాడు. ఆ రోజు దారం ఆకుపచ్చ. ఆ కుట్లున్న మూడు మెత్తలూ దొరికితే దిండు మళ్ళీ కుట్టించవచ్చు.

మేనేజరు టిఫిన్ హాల్లోకి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని కుర్చీల కింద నుంచి చూడడం మొదలుపెట్టాడు. అతిథులు మర్యాదగా కాళ్ళు పైకెత్తారు. రెండు ఆకుపచ్చ కుట్లు ఖాళీ కుర్చీల్లోనే దొరికాయి. మూడోదాని కోసం పాకుతుంటే అక్క చెప్పులు ఎదురయ్యాయి.

"ఏం పోయింది తమ్ముడూ?"

"ఏమీ పోలేదక్కా."

"మరి ఎందుకు పాకుతున్నావు?"

"కుర్చీ కాళ్ళు చూస్తున్నాను."

నిజం చెప్పేద్దామని అతనికి నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అక్క కడుపులో మాట దాగదు. తిన్నగా మేడమ్ దగ్గరకెళ్ళి చెప్పి, క్షమించమని అడిగి, సాయంత్రానికి పక్క హోటలు వాళ్ళకు తాళాలు ఇచ్చేస్తుంది. అందుకే నోరు మూసుకుని మళ్ళీ పాకాడు. మూడో మెత్త కిటికీ పక్కన కనబడింది. దాని మీద మేడమ్ కూర్చుని రొట్టెకు వెన్న రాసుకుంటోంది.

"మేడమ్, ఇక్కడ ఎండ పడుతోంది. కుర్చీ మారతారా?"

"ఎండ బాగుందండీ. ఈ కుర్చీ ఇంకా బాగుంది. ఏముంది ఈ మెత్తలో?"

"పాత దిండు దూది మేడమ్."

మేడమ్ వెన్న కత్తి పక్కన పెట్టి పుస్తకం తీసింది. ఆవిడ దగ్గర ఉన్నది ఒకటే ప్రశ్న. ఏ హోటలుకు వెళ్ళినా, ఏది చూపించినా అదే అడిగేది.

"తరవాత ఇదెక్కడికి వెళ్తుంది?"

"మళ్ళీ దిండవుతుంది మేడమ్."

"ఎప్పుడు?"

"ఈరోజే" అన్నాడు మేనేజరు. "మీరు లేస్తే."

నలభై హోటళ్ళు తిరిగిన మేడమ్‌కు ఇలాంటి జవాబు ఎప్పుడూ రాలేదు. చటుక్కున లేచింది. "పదండి, నేనూ చూస్తాను" అని మెత్త వెనకే బయల్దేరింది. దొంగతనంగా చేద్దామనుకున్న పని మేనేజరు ఇప్పుడు ఇన్‌స్పెక్టరును వెంటబెట్టుకుని చేయాల్సి వచ్చింది.

వసారాలో మాస్టారు మొదటి మెత్త కుట్లు విప్పుతుంటే అక్క గుమ్మంలోంచి చూసింది. మెత్త కోస్తున్నారు, మేడమ్ రాసుకుంటోంది, తమ్ముడు చెమటలు కక్కుతున్నాడు. మెత్తల్లో ఏదో లోపం దొరికిందని ఆవిడకు అర్థమైంది. అక్క ఏదైనా అర్థమయ్యాక ఆగే మనిషి కాదు. అతిథులను లేపి హాల్లో ఉన్న మెత్తలన్నీ తెప్పించి, వంటాయన చేత, పిన్ని చేత అన్నీ కోయించి వసారాలో కుప్ప పోయించింది. "చూసుకోండి మేడమ్, లోపల ఒక్క మురికి పోగు ఉంటే నన్నడగండి" అంది.

సరిగ్గా అప్పుడే సరస్సు మీద నుంచి గాలి లేచింది. ముప్పై ఎనిమిది మెత్తల దూది వసారా దాటి, హాలు దాటి, గుడ్ల పళ్ళేల మీదుగా బయటికి సాగింది. నిలబడి టిఫిను తింటున్న అతిథులు తుమ్మడం మొదలుపెట్టారు. తుమ్మనివాళ్ళు దూది పట్టుకోవడానికి పరుగెత్తారు. పట్టుకున్నది ఎక్కడ పెట్టాలని ఒక పెద్దాయన అడిగితే, మేనేజరు అలవాటు కొద్దీ "ఉంచండి, పనికొస్తుంది" అన్నాడు.

అరగంటకు కుప్ప మళ్ళీ కుప్పయింది. మేనేజరు మాస్టారి చెవి దగ్గర వంగాడు.

"ఇందులో నాలుగో గది దూది ఏది మాస్టారూ?"

"దూదికి పేరుంటుందా బాబూ?"

మేనేజరుకు ఏడుపొక్కటే తక్కువ. ఆకుపచ్చ దారం తెగింది, దానితో పాటే ఆశా తెగింది. మేడమ్ మాత్రం మొహం మీద దూది తుడుచుకుంటూ, తరవాత ఏం చూపిస్తారని అడిగింది. చేతులు కడుక్కుంటానని కుళాయి దగ్గరకు నడిచింది. అటు వద్దని చెప్పడానికి మేనేజరుకు ఒక్క కారణం కూడా తట్టలేదు.

కుళాయికి పువ్వుల గుడ్డ సంచి వేలాడుతోంది. మేడమ్ దాన్ని చేతిలోకి తీసుకుంది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. పువ్వుల్లో ఒకదాన్ని బొటనవేలితో రుద్ది చూసింది.

"తరవాత ఇదెక్కడికి వెళ్తుంది?"

"అరిగిపోయాక పీలికలు చేసి పాదులకు కడతాం మేడమ్."

"ఆ తరవాత?"

"కుళ్ళి మట్టిలో కలిసిపోతుంది."

"అంటే, వెనక్కి రాదు?"

"రాదు మేడమ్" అన్నాడు మేనేజరు నీరసంగా.

"ఖచ్చితంగా?"

"ఖచ్చితంగా."

మేడమ్ పుస్తకంలో ఏదో రాసుకుంది. అది తన హోటలు నుదుటిరాత అని మేనేజరు అనుకున్నాడు.

పదకొండింటికి ఆఫీసు గదిలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. బల్ల మీద సంతకం పెట్టాల్సిన కాగితం ఉంది. మేనేజరుకు ఇక దాచే ఓపిక లేకపోయింది. పిడికిలి నియమం దగ్గర మొదలుపెట్టి కాకర పాదు దాకా పూసగుచ్చినట్టు చెప్పేశాడు. "తప్పు నాది మేడమ్. నియమం పెట్టింది నేను. పిన్నినీ, మా అక్కనీ ఏమీ అనకండి. ఈ హోటలు లేకపోతే మాలో ఎవరికీ ఇంకో చోటు లేదు" అని తల దించుకున్నాడు.

తలెత్తి చూస్తే మేడమ్ నవ్వు ఆపుకోలేక కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

"అది మా అత్తగారు స్వయంగా కుట్టి ఇచ్చిన దిండండీ. రాయి అంతకంటే మెత్తగా ఉంటుంది. ముప్పై ఏళ్ళుగా నాకు మెడనొప్పి. ఇంట్లో దాన్ని ఎవరూ ఒక్క మాట అనడానికి లేదు. పారేద్దామంటే నా ఉద్యోగమే పారేయకండని చెప్పడం. అందుకని పదకొండేళ్ళుగా వెళ్ళిన ప్రతి హోటల్లోనూ మర్చిపోయి వస్తున్నాను."

"ప్రతి హోటల్లోనా?"

"ప్రతి హోటల్లోనూ. అందరూ బుద్ధిమంతులే. ఒక్కరైనా ఉంచేసుకోరు, వెనక్కి పంపించేస్తారు. ఒకాయనైతే మనిషినిచ్చి పడవలో పంపాడు. కుళాయి దగ్గర ఆ పువ్వులు చూసినప్పుడు నా కళ్ళను నేనే నమ్మలేదు. ఇన్నాళ్ళకి దాన్ని మాయం చేసినవాళ్ళు మీరొక్కరే."

మేనేజరు నెత్తిన పాలు పోసినట్టయింది. మేడమ్ కలం తీసి సంతకానికి వంగింది. అప్పుడే తలుపు తోసుకుని అక్క లోపలికి వచ్చింది. వెనక పిన్ని, మాస్టారు, బొత్తాలు లేని కోటుతో వంటాయన. అక్క చేతుల్లో నిండు చంద్రుడిలా ఉబ్బిన దిండు, దాని మీద అవే పువ్వులు.

"పిన్ని నాకంతా చెప్పిందమ్మా" అంది అక్క, ఆయాసపడుతూ. "మా తమ్ముడు భయపడి దాచాడు. రెండు సంచులూ విప్పించాను. పాదుకి కట్టిన పీలిక కూడా తెచ్చి అతికించాను. దూది సరిపోదేమోనని ఇంకో మూడు మెత్తలది కూరించాను. రెట్టింపు కుట్లు వేయించాను. ఇంకో ముప్పై ఏళ్ళు చెక్కు చెదరదు. మా హోటల్లో ఏదీ పోదమ్మా."

మేడమ్ దిండును చూసింది. మేనేజరును చూసింది. మేనేజరు కిటికీలోంచి సరస్సును చూశాడు. మేడమ్ ఒక నిట్టూర్పు విడిచి, 'ఈ హోటల్లో ఏదీ పోదు' అని కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టింది. మూడింటి బస్సులో దిండును ఒళ్ళో పెట్టుకుని వెళ్ళిపోయింది. బస్సు కనుమరుగయ్యే దాకా అక్క చెయ్యి ఊపుతూనే ఉంది, కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి ఆవిడకి.

గేటుకు గుండ్రటి బోర్డు వచ్చింది. సీజను మొదలవగానే బస్సులూ వచ్చాయి. మూడు నెలలు గడిచాక ఒక సాయంత్రం, పని మీద కాదు, ఊరికే గాలి మార్పుకని మేడమ్ మళ్ళీ వచ్చింది. నాలుగో గదే అడిగి తీసుకుంది. మర్నాడు పొద్దున బస్సుకు వెళ్ళిపోతూ, మేనేజరు చేతిలో తాళం పెట్టి, అతని కళ్ళలోకి ఒక్క క్షణం చూసి బస్సెక్కింది. ఆ చూపు అర్థమయ్యేసరికి అతనికి భోజనాల వేళయింది. నాలుగో గదికి పరుగెత్తాడు. మంచం మీద రెండే దిండ్లున్నాయి.

"మూడోదేది పిన్నీ?"

"మేడమ్ మర్చిపోయారు బాబూ. గట్టిగా నొక్కి చూశాను, రెండు లెక్కపెట్టేలోపే లేచింది" అంది పిన్ని. "అంత మంచి దిండు, తరవాత వచ్చిన బస్సులోనే పంపించేశాను."

నియమం పెట్టింది తనే కాబట్టి మేనేజరు ఆవిడను ఏమీ అనలేకపోయాడు.