మూత తీసి చూపించండి!

పెద్దలు తొంగిచూస్తేనే సైన్సు వృద్ధిలోకి వస్తుంది! నమ్మరా? అయితే గుణదల బాలశౌరి సంగతి వినండి.

పెట్రోలు ధర మండిపోతున్న రోజులవి. పెట్రోలియంతో చేసే రసాయనాలన్నీ ప్రియమైపోయాయి. విజయవాడలో ఓ పరిశోధనశాల సైంటిస్టు బాలశౌరి ఒక సూక్ష్మజీవిని పట్టుకుని, అతినీలలోహిత కాంతి కింద తరాల తరబడి మార్చి, కొత్త పని నేర్పాడు. చక్కెర ఫ్యాక్టరీలో మిగిలే చెరకు మడ్డి తింటుంది, రంగుల కంపెనీలకు కావలసిన బ్యూటనాల్ అనే రసాయనాన్ని ఇస్తుంది. జీతం అడగదు, సమ్మె చెయ్యదు. ఒక్కటే లోపం. గాలి తగిలితే చస్తుంది. ఎంత పొగరు!

వాటిని పెంచే ట్యాంకు ప్రారంభోత్సవానికి ఓ పెద్దమనిషి వచ్చి, మూసి ఉన్న ట్యాంకును చూసి మొహం చిట్లించారు.

"పురుగులేవయ్యా?"

"కంటికి కనపడవండీ. మూత తీస్తే చచ్చిపోతాయండీ," అన్నాడు బాలశౌరి.

"రెండు నిమిషాలకేం చావవులే, తియ్యవయ్యా!" అన్నారు డైరెక్టర్ రామకోటేశ్వరరావు గారు.

తీశారు. పెద్దమనిషి తొంగిచూశారు. వెనకే హోదాల వరసలో అందరూ తొంగిచూశారు. ఒకాయన తుమ్మారు కూడా. ఫొటోలు, చప్పట్లు!

మర్నాటికి ట్యాంకులో ఉలుకూ పలుకూ లేదు.

"పెద్దల్ని తట్టుకోలేని పురుగునెందుకు తయారుచేశావోయ్?" అని డైరెక్టర్ గారు కేకలేశారు. న్యాయమైన ప్రశ్నే కదా!

ఆ రాత్రి బాలశౌరి ఇంటికెళ్ళి జరిగిందంతా చెప్పుకున్నాడు.

"ఊరుకోండి, విత్తనానికి కాసిని పురుగుల్ని దాచారుగా, మళ్ళీ పెంచుదురుగాని," అంది భార్య తెరేసమ్మ. "వాళ్ళక్కావాల్సింది కంటికి కనపడే నురగేగా? ముందు గదిలో ఓ ట్యాంకు పెట్టి కల్లు పొయ్యండి."

పోశాడు. అసలు ట్యాంకును వెనక గదిలో పెట్టి తాళం వేశాడు.

ఈసారి ఢిల్లీ నుంచి అధికారులొచ్చారు. మూత తియ్యగానే తెల్లటి నురగ పొంగింది!

"అద్భుతం! ఈ వాసన ఎక్కడో ఎరిగినట్టుందే!" అంటూ ఒకాయన గుండెల నిండా పీల్చుకున్నారు.

వాళ్ళు వెళ్ళిన వారానికి వెనక గదిలో మొదటి డబ్బా బ్యూటనాల్ నిండింది. బాలశౌరికి కళ్ళు చెమర్చాయి. ఆ మాట చెబుదామని డైరెక్టర్ గారి గదికి పరిగెత్తాడు. నోరు తెరిచేలోపే ఆయన ఎదురొచ్చి భుజం తట్టారు.

"శౌరీ, శుభవార్త! ముందు గదిలో ట్యాంకుంది చూడు, అలాంటివే ఇంకో పది మంజూరయ్యాయి!"

"పదా! ఎక్కడ పెడతామండీ?"

"వెనక గది ఖాళీ చేయించు. మూత తియ్యనివ్వని ట్యాంకొకటి అక్కడ పడి ఉందటగా, దాన్ని అవతల పారేయించు."