ఏడుపు క్లోజప్‌కి దాచుకో

"బావా, ఈ పూట లాంగ్ షాట్!" అన్నాడు బావమరిది, పొద్దున్నే వంటింట్లోకి దూసుకొచ్చి.

"లాంగ్ షర్టా? ఇస్త్రీ లేదురా," అన్నాడు మోగుతున్న మిక్సీ పక్కన నిలబడ్డ బావ.

"షర్టు కాదు, షాట్! నువ్వు వీధిలో చచ్చి పడుంటావు. అక్క పక్కన కూర్చుని ఏడుస్తుంది. ఎదురు మేడ మీంచి తీస్తా. అంత దూరం నుంచి చూస్తే అక్క ఎంత ఒంటరిదైపోయిందో తెలుస్తుంది. తర్వాత దగ్గరికొచ్చి క్లోజప్. కన్నీటిబొట్టు తెరంత ఉంటుంది!"

మధ్యాహ్నంలోగా ఒక చిట్టి సినిమా తీసి పంపితేనే అతనికి సినిమా బడిలో సీటు. లేదంటే బావమరిది మరో ఏడాది బావగారి సోఫా మీదే బస. ఆ సోఫా తిరిగి దక్కుతుందంటే బావ నిజంగానే చచ్చిపోవడానికైనా సిద్ధమే.

"నేను కట్ అనేదాకా కట్టెలా పడుండు బావా."

"నాకు ఏడుపు ఒక్కసారే వస్తుందిరా," అంది అక్క.

"లాంగ్ షాట్‌లో ముఖం కనపడదక్కా. ఏడుపు క్లోజప్‌కి దాచుకో. ఇప్పుడు భుజాలు కదిపితే చాలు."

బావ నడివీధిలో వెల్లకిలా పడ్డాడు. మరుక్షణమే ఒక చీమ ఆయన ముక్కెక్కింది. శవం తల అటూ ఇటూ విదిలిస్తుంటే అక్కకు నవ్వాగలేదు. భుజాలు మహా అద్భుతంగా కదిలాయి.

కూరల సంచితో వస్తున్న పక్కింటి పిన్నిగారు ఆగిపోయింది. "అమ్మాయ్! మీ ఆయనకేమైందే?"

"చచ్చిపోయారు పిన్నిగారూ," అంది అక్క నవ్వాపుకుంటూ. "కాస్త పక్కకి జరగండి, అడ్డొస్తున్నారు."

పిన్నిగారు పెట్టిన కేకకు వీధి వీధంతా బయటికొచ్చింది. "మొగుడు పోతే ఆ ఇకిలింపేంటమ్మా?" అని ఒకరు, "అంబులెన్స్‌కి చెప్పండి!" అని మరొకరు. మేడ మీద దర్శకుడు పొంగిపోయాడు. 'ఆహా! చెప్పకుండానే జనాన్ని కూడా పిలిపించాడు, బావంటే బావే!' కట్ చెప్పడమే మరిచాడు.

అటుగా వెళ్తున్న బావగారి మేనేజరు స్కూటర్ దిగి బావురుమన్నాడు. "నిన్న ఒంట్లో బాలేదు, సెలవంటే నాటకాలాడకు అన్నానయ్యా! ఇప్పుడడుగు, వారం ఇస్తా!"

శవం ఒక కన్ను తెరిచింది. "వారమే కదా సార్, అందరూ విన్నారుగా?"

జనం తలో దిక్కుకీ పరుగు. మేనేజరు స్కూటర్ వదిలేసి మరీ పరుగు. "కట్! కట్!" అని అరుస్తూ బావమరిది మేడ దిగి, దొరికినవాళ్లనల్లా చెయ్యి పట్టి ఆపాడు. మేడ చూపించాడు, కెమెరా చూపించాడు, అంత దూరం నుంచి ముఖం కనపడదని, అందుకే అక్కని ఏడవద్దన్నానని చెప్పాడు.

"నీకు కనపడదురా, మాకు కనపడదూ?" పిన్నిగారు గయ్యిమంది. "పాపం, ఈ పిల్లని ఎన్నెన్ని మాటలన్నామో!"

ఆ 'పాపం' వినగానే అక్కకు దుఃఖం పొంగింది. చెంప మీద బొట్టు జారింది.

"కదలకక్కా!" కెమెరా ఆమె ముక్కు దాకా వచ్చేసింది.

సినిమా వేళకు వెళ్లింది. సాయంత్రానికి సీటూ వచ్చింది. బావ సోఫాలో కాళ్లు బారజాపుకుని, బడివారి అభిప్రాయాన్ని పైకి చదివాడు:

"భార్య దుఃఖం, జనం కంగారు ఎంతో సహజంగా ఉన్నాయి. శవం మాత్రం కాస్త అతిగా నటించింది."