దుప్పట్లు చూసి దిగిన విమానం

ఆ శనివారం పొద్దున జకరయ్య మేష్టారికి ఉన్న పని ఒక్కటే, దుప్పట్లు ఉతికి ఆరేయడం. సాయంత్రం ఆయన భార్య మగ్దలీనమ్మ జ్ఞాపకార్థ కూటం. పోయినేడాది పాస్టరుగారు తప్ప ఎవరూ రాలేదు. ఈసారి మేష్టారు గడపగడపకీ వెళ్లి పిలిచారు. అందరూ "చూస్తాంలే అయివారూ" అన్నారు. ఒకవేళ వస్తే కూర్చోబెట్టడానికి తెల్లదుప్పట్లయినా ఉండాలి కదా.

పెరట్లో తాడు తెగింది. శనక్కాయ పీకేసిన ఇసుకచేలో దుప్పట్లను నిలువుగా ఒక వరస పరుచుకుంటూ పోయారు. గట్టు అడ్డం వచ్చింది. మిగిలినవి గట్టు వెంబడి అడ్డంగా పరిచారు. సముద్రపుగాలి నెమ్మదిగా ఉన్నందుకు దేవునికి స్తోత్రం చెప్పుకున్నారు.

ఎండెక్కాక సరుగుడుతోట మీదుగా బుడ్డ విమానమొకటి వచ్చి, చేను చుట్టూ తిరిగి, నేల తాకి, ఎగిరి, మళ్లీ తాకింది. చక్రాలు ఇసుకలో కూరుకుపోయి, ముక్కు నేలకానించి తోక పైకెత్తింది. అందులోంచి నుదురు చిట్లిన కుర్రవాడొకడు దిగాడు.

"ఇది ఏ విమానాశ్రయమండీ?"

"శనక్కాయ చేను నాయనా."

"మరి ఆ తెల్లగుర్తు? విమానం ఎటు దిగాలో చూపించడానికి ఇంగ్లీషు టీ అక్షరంలా గుడ్డలు పరుస్తారు. అది చూసే దిగాను!"

"అవి మా దుప్పట్లు."

కుర్రవాడు కూలబడ్డాడు. పేరు విజయభాస్కర్. మద్రాసులో విమానం నడపడం నేర్చుకుంటున్నాడు. మొదటిసారి ఒంటరిగా దూరం వచ్చి దారి తప్పాడు.

మేష్టారు కట్టు కడుతుంటే పక్కింటి పిచ్చమ్మ పరుగున వచ్చింది. "ఎవరయివారూ ఈ అబ్బాయి?"

"మా కూటానికి వచ్చాడనుకో," అన్నారు మేష్టారు నవ్వుతూ.

పిచ్చమ్మ అనుకోవడంతో ఆగలేదు. కూటానికి విమానమే వచ్చిందంటే మిషను దొరలు పేదలకు పంచడానికి పాలపిండి పంపించినట్టేనని ఊరంతా చెప్పింది. మధ్యాహ్నానికి చేనంతా గిన్నెలతో జనం.

"మేష్టారూ, మా బీజాన్ బాలింత. ఇంకో గిన్నెడు ఎక్కువ పెట్టించండి," అన్నాడు హుస్సేన్ సాహెబ్.

ఇంతలో హెడ్డుకానిస్టేబుల్ గంగులయ్య సైకిలు దిగాడు. "దుప్పట్లు ఆరేసేదానికి పర్మిషనుందా?"

"దానికి పర్మిషనెందుకండీ?"

"విమానం దిగింది గదా! సాక్ష్యం. ఎవురూ కదపొద్దు."

"మరి సాయంత్రం జనం దేనిమీద కూర్చోవాలి?"

గంగులయ్య ఆలోచించాడు. "కూర్చోండి. కానీ జరపొద్దు."

కూటం చేలోకే వచ్చింది. జనం దుప్పట్లు చాలక ఇసుకలోనూ కూర్చున్నారు. మగ్దలీనమ్మ చూసుంటే ఎంత సంబరపడేదో అనుకున్నారు మేష్టారు. కానీ అబద్ధంతో కూటం మొదలుపెట్టడానికి ఆయనకు మనసొప్పలేదు. లేచి నిలబడి, "పాలపిండి ఏమీ లేదమ్మా. మా ఇంటిదాని కోసం ప్రార్థన, తర్వాత భోజనం, అంతే," అన్నారు.

గిన్నెలు గలగలమన్నాయి. "ముందే చెప్పొచ్చు గదా అయివారూ, పనులు చెడగొట్టుకుని వచ్చినామే!" అంటూ పిచ్చమ్మే ముందు లేచింది. పాస్టరుగారు పొట్టి ప్రార్థన చేసి, ఇంకో ఊళ్లో పెళ్లుందని సైకిలెక్కారు.

చేలో గంగులయ్యా, విజయభాస్కరూ మిగిలారు. మేష్టారు ఇద్దరికీ ఆకులేసి వడ్డించారు.

"అమ్మగారు ఎట్లా ఉండేవారండీ?" అన్నాడు కుర్రవాడు.

అంతకుముందు ఆయన్ని ఎవరూ అది అడగలేదు. మేష్టారు వడ్డన మరిచి చెప్పడం మొదలుపెట్టారు. చీకటి పడేదాకా చెబుతూనే ఉన్నారు. గంగులయ్య కూడా మధ్యమధ్య "ఆఁ, ఆ తర్వాత?" అన్నాడు.

మద్రాసు నుంచి మనుషులు వచ్చేదాకా విమానాన్ని విడిచి వాళ్లిద్దరూ ఎక్కడికీ పోవడానికి లేదన్న సంగతి మేష్టారికి తెలుసు. ఆ మాట మాత్రం ఆయన ఎత్తలేదు.