గులాబీ జెండా

ఆదివారం పొద్దున్నే ఫిలోమెన్ వేసుకున్న లెక్క చాలా సులువైనది. కాఫీ పెట్టాలి. తీగమీద ఆరిన జెండాలు తీసి ఇస్త్రీ చెయ్యాలి. పదింటికి రోడ్డు మూసేలోగా మొగుడు లాంబెర్ చేతిలో పెట్టాలి. రోడ్డంటే ఆ ఇంటి గుమ్మం ముందున్న రోడ్డే. ఏడాది పొడవునా దానిమీద పాల బండ్లు, ఆవులు తిరుగుతాయి. జూన్‌లో ఒక్క ఆదివారం మాత్రం గ్రాండ్ ప్రి పందెం కార్లు పోతాయి. ఇంటి పక్క మలుపులో డ్రైవర్లకు సంకేతంగా జెండాలు ఊపే ఉద్యోగం లాంబెర్‌ది. ఇరవై రెండేళ్ళుగా జీతం లేకుండా చేస్తున్నాడు. పలకరాతి గనిలో ఊపిరితిత్తులు పాడుచేసుకుని ఇంటిపట్టున కూర్చున్న మనిషికి ఏడాదికి అదొక్కటే పండుగ.

ఆ పండుగకే మొన్న శుక్రవారం గండం వచ్చిపడింది. పందెం పర్యవేక్షకుడు మొస్యూ కోలినే వచ్చి జెండాలు విప్పి చూసి, ముక్కు మూసుకున్నాడు.

"ఏమిటయ్యా ఇవి, జెండాలా, కాళ్ళు తుడుచుకునే గుడ్డలా? ఆదివారానికి శుభ్రంగా ఉండకపోతే నువ్వు గేటు దగ్గర టిక్కెట్లు చింపుకో."

లాంబెర్ ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. అది చూడలేక ఫిలోమెన్ శనివారం అతనికి చెప్పకుండా జెండాలన్నీ రాగి బానలో వేసి, బట్టల సోడా వేసి, మరగబెట్టి ఉతికింది. చీకట్లోనే ఆరేసి, తృప్తిగా పడుకుంది.

తెల్లవారి తీగ దగ్గరకు వెళ్ళి చూస్తే ఎర్ర జెండా ఏమీ ఎరగనట్టు ఎర్రగానే వేలాడుతోంది. దాని పక్కన పసుపుది క్యారెట్ సూపు రంగులోకి దిగింది. నీలంది వంకాయ అయింది. తెల్లది చంటిపాప బుగ్గలా గులాబీ రంగు తేలింది.

"ఏమేవ్! ఏం చేశావే?" వెనకనుంచి లాంబెర్ గొంతు.

"శుభ్రం చేశానయ్యా."

"శుభ్రం చేశావా, పెళ్ళికి అలంకరించావా?"

ఫిలోమెన్ లోపలికి పరిగెత్తింది. నీలం జెండాకు బదులు లాంబెర్ పాత నీలి పని చొక్కా చింపితే సరిపోయింది. క్యారెట్ సూపు దూరంనుంచి పసుపులాగే కనిపిస్తుందని ఇద్దరూ ఒకరినొకరు ఒప్పించుకున్నారు. తెలుపు దగ్గరే పేచీ వచ్చింది. ఇంట్లో ఉన్న తెల్ల దిండు గలీబులన్నిటికీ అంచున లేసు ఉంది.

"నేను లేసు ఊపను," అన్నాడు లాంబెర్.

"లేసు కత్తిరిస్తానయ్యా."

"మీ అమ్మ అల్లిన లేసు కత్తిరిస్తావా? వద్దులే. అయినా తెల్ల జెండా ఎప్పుడు పనికొచ్చింది గనక? ముందు ఏదైనా బండి నెమ్మదిగా పోతుంటేనేగా. నాలుగేళ్ళలో ఒక్కసారి ఊపానేమో."

అలా గులాబీ జెండా మలుపు దగ్గరకు వెళ్ళింది.

పందెం బాగానే సాగింది. లుండ్‌క్విస్ట్ అనే స్వీడన్ కుర్రాడు మొదటినుంచీ ముందున్నాడు. ఇంకా నాలుగు చుట్లున్నాయనగా ఒక కారు ఇంజను చచ్చి, పొగ కక్కుతూ, నత్తలా మలుపు తిరిగింది. దాని వెనకే లుండ్‌క్విస్ట్ గర్జన వినిపిస్తోంది. లాంబెర్‌కు ఆలోచించే వ్యవధి లేదు. నెమ్మదిగా పోయే బండికి ఏ జెండా ఊపాలో ఆ జెండానే రెండు చేతులా ఊపాడు.

లుండ్‌క్విస్ట్ తల తిప్పి చూశాడు. మళ్ళీ చూశాడు. వేగం తగ్గించి, నత్తను దాటి వెళ్ళిపోయాడు. తర్వాత వచ్చినవాళ్ళూ అంతే, ఒక్కొక్కరే తల తిప్పి చూసి వెళ్ళారు.

నిమిషంలో చెట్టుకు కట్టిన మైకు గోల మొదలుపెట్టింది. "ఏడో మలుపులో గులాబీ జెండా! గులాబీ అంటే ఏమిటో పందెం కార్యాలయం విచారిస్తోంది!" ఇంగ్లీషు జట్టువాళ్ళు నియమావళి మొదటి పేజీ నుంచి చదవడం మొదలెట్టారట. ఇటలీవాడు పెళ్ళి ఊరేగింపు రోడ్డు దాటుతోందేమో అనుకున్నాడట. అన్నిటికన్నా ఘోరం చివర వినిపించింది. లుండ్‌క్విస్ట్ తన జట్టు దగ్గర కారు ఆపి, గులాబీ అంటే ఏమిటని వాళ్ళనే అడుగుతున్నాడు! వాళ్ళు చెప్పలేకపోతున్నారు. ఈలోగా రెండోవాడు ముందుకు పోయాడు. పందెం వాడిదైంది.

మలుపు దగ్గరున్న టెలిఫోను మోగింది. లాంబెర్ విని పెట్టేసి, "కోలినే వస్తున్నాడు. ఆ స్వీడన్ కుర్రాణ్ణి కూడా తెస్తున్నాడు," అన్నాడు. జెండాలు చుట్టచుడుతూ, "టిక్కెట్లు చింపడం కూడా మంచి పనే," అన్నాడు. పక్కనే నిలబడ్డ ఫిలోమెన్‌కు ఏడుపొచ్చింది.

రోడ్డు తెరవగానే ఇద్దరూ ఇంటికే వచ్చారు. కోలినే ముఖం ఎర్ర జెండాలా ఉంది.

"ఎవరు చేశారిది?"

"నేనే ఉతికాను," అన్నాడు లాంబెర్ వెంటనే.

జన్మలో జేబురుమాలు కూడా ఉతకని మనిషి. ఫిలోమెన్ అతని వైపు చూసింది. ముప్పై ఏళ్ళ కాపురంలో అతను తనకు కొనిపెట్టినవన్నీ ఆ ఒక్క మాట ముందు చిన్నవై కనిపించాయి.

"అబద్ధమండీ," అంది. "ఉతికింది నేను. ఆయనకు సోడా డబ్బా ఎక్కడుంటుందో కూడా తెలీదు. గేటు దగ్గరకు పంపితే నన్ను పంపండి."

కోలినే నోరు తెరిచేలోగా లుండ్‌క్విస్ట్ ముందుకొచ్చాడు. ముఖమంతా నూనె మసి. కళ్ళజోడు ఉన్నచోట మాత్రం తెల్లగా ఉంది. రాని భాషలో తడబడుతూ అడిగాడు.

"అమ్మా, గులాబీ అంటే ఏమిటి?"

"తెలుపే నాయనా. ఎరుపు దిగింది."

అతను తలుపు పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి, చివరికి కళ్ళు తుడుచుకున్నాడు. కారు ఆపినప్పుడు మెకానిక్ ఊరికే ముందు చక్రంమీద చెయ్యి వేశాడట. చక్రం ఇరుసు దగ్గర సగానికి పైగా పగిలి ఉందట. ఇంకో చుట్టు తిరిగితే, మలుపు దాటాక వచ్చే ఆ పల్లపు తిన్నటి రోడ్డులో...

"తెల్ల జెండానే చూసుంటే ఆగేవాణ్ణి కాదమ్మా. అదేమిటో నాకు తెలుసు కదా."

సోడాకు పాసిన ఫిలోమెన్ చేతిని అతను రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. ఏం చెయ్యాలో తోచక ఆమె అతన్ని కూర్చోబెట్టి బియ్యం, పాలతో కాల్చిన తీపి టార్టు కోసి పెట్టింది. అతను నాలుగు ముక్కలు తిన్నాడు. కోలినే నిలబడే రెండు తిని, టోపీ పెట్టుకుంటూ, "వచ్చే ఏడు తొమ్మిదింటికల్లా మలుపు దగ్గర ఉండు లాంబెర్," అన్నాడు. గులాబీ జెండాను స్వీడన్ కుర్రాడు అడిగి, మడిచి పట్టుకెళ్ళాడు.

మరుసటి వసంతంలో పందెం నడిపే క్లబ్బునుంచి కొత్త జెండాలు, కొత్త నియమావళి వచ్చాయి. నలభై ఒకటో నియమం కింద లాంబెర్ పెన్సిలుతో గీత గీసి, ఆ పేజీ చింపి వంటింట్లో సోడా డబ్బా పైన అంటించాడు: "జెండాలు విడివిడిగా ఉతకవలెను."