పద్దెనిమిది డిగ్రీల కోట

దినకరుడు దిగువ మేడల వెనక్కి దిగజారుతున్న ఆ సాయంసంధ్యాసమయాన, ఉత్త చేతులతో ఉగ్రగ్రీష్మాన్నైనా ఎదిరించగల ధీరురాలు, బడి ల్యాబ్ అసిస్టెంటు, చెప్పులైనా విప్పకుండా ముందుగదిలోని గాజుతొట్టి వైపు చూసి కొయ్యబారిపోయింది: థర్మామీటర్ ఇరవై నాలుగు డిగ్రీలు చూపిస్తోంది!

పద్దెనిమిది దాటరాని జలదుర్గమది. అందులో వసించేవి ఐదు ఆక్సలాటల్ పిల్లలు. కప్పల వంశానికి దూరపు చుట్టాలు, చూపుడువేలంత దేహులు, శిరస్సుకిరువైపులా అరుణపింఛాల్లాంటి మొప్పలు ధరించినవారు, కష్టంలోనూ చెరగని పుట్టుచిరునవ్వువారు. ల్యాబ్ పైకప్పు మరమ్మతు పూర్తయ్యేదాకా వాటిని సాకి, "ఐదింటినీ ఐదుగానే అప్పజెబుతా" అని హెడ్మాస్టరుకు మాటిచ్చి తెచ్చుకుంది ఆ సత్యవ్రత. గడువు రేపే. కానీ అందరిలోకీ చిన్నవాడు, బుడంకాయ అనే బిరుదాంకితుడు, తోక కొనను కొక్కెంలా వంచి నీటిపైకి తేలిపోయాడు. పొద్దున వేసిన ఎర్రపురుగు ముట్టనైనా ముట్టలేదు.

"ఏమండీ! ఫ్రిజ్‌లో సీసాలు పట్రండి!"

గ్రీజు చేతుల్ని గుడ్డకు తుడుచుకుంటూ వచ్చాడు భర్త, స్కూటర్ల వైద్యశిఖామణి. "సీసాలెందుకే, ట్రేలోని ఐసుముక్కలన్నీ కుమ్మరించేద్దాం. రెండు నిమిషాల్లో పనైపోతుంది."

"వేడెక్కిన ఇంజను మీద ఐసునీళ్లు కుమ్మరిస్తారా మీ షెడ్డులో?"

"పిచ్చా! పగిలి చస్తుంది."

"మరి వీళ్లకి ప్రాణం లేదా? గంటకి రెండు డిగ్రీలు. అంతకు మించితే మీ చెయ్యి విరుస్తా."

ఇట్లు గర్జించి, కొంగు నడుముకు బిగించి, గడ్డకట్టిన నీటిసీసా నొకదానిని, మూత బిగుతుగా ఉందో లేదో ముమ్మారు పరీక్షించి, హిమాయుధంబు వలె తొట్టిలోకి దించి, కరిగినదాని స్థానే మరొకటి, అదీ కరిగితే వేరొకటి మారుస్తూ, పంఖాను నీటిపైకి తిప్పి, ఆ వీరవనిత మూడు గంటలపాటు ఊష్మాసురునితో పోరాడింది. ఇరవై రెండు. ఇరవై. స్కూటర్ల వైద్యుడు ఫ్రిజ్‌కీ తొట్టికీ నడుమ పదకొండుసార్లు దౌత్యం నడిపాడు. పన్నెండోసారి గుమ్మం తగిలి కాలివేలు క్షతగాత్రమైంది. ఎవరూ పట్టించుకోలేదు.

ఇంతసేపూ ఆమె మామగారు మాత్రం కిటికీ దగ్గర పత్రిక వెనక దాగి, ఒక్క పేజీ కూడా తిప్పలేదు.

ఎనిమిది కొట్టింది. పద్దెనిమిది!

పట్టకారుతో ఒకే ఒక్క ఎర్రపురుగును బుడంకాయ ముక్కు ముందు ఆడించింది ఆమె. ఇల్లంతా ఊపిరి బిగబట్టింది. తోక నిటారైంది. చిరునవ్వు చీలింది. గుటుక్కు! మిగిలిన నలుగురూ ఎక్కడివారక్కడే ఉన్నారు, ఆకలికి ఒకరి కాలొకరు కొరుక్కోలేదు, ఐదుగురి కాళ్లూ కలిపి లెక్కపెడితే ఇరవైకి ఇరవై! విన్నారా దిక్కులారా, ఒక పురుగు మింగబడెను, ఒక మాట నిలబడెను!

విజయగర్వంతో వెనక్కి వాలబోయిన ఆమె మోచేయి, తొట్టికి ఆనించి ఉన్న టేబుల్ లైటుకు తగిలింది. చదువుకునే బల్లమీద ఉండాల్సిన లైటు. పొద్దున తను బయల్దేరేటప్పుడు అక్కడే ఉంది.

"మామయ్యగారూ," అంది మెల్లగా, "ఇదిక్కడికి నడిచొచ్చిందా?"

పత్రిక కిందికి దిగింది. హేచరీలో నలభై ఏళ్లు కోడిపిల్లల్ని సాకిన ఆ పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"నేనే పెట్టానమ్మా. పొద్దున నువ్వెళ్లగానే పెట్టి, నువ్వు గేటు తీసిన చప్పుడు విని ఆర్పేశా. ఆ బుడ్డోడు మూల ముడుచుకుని కూర్చుంటే చలేమో అనుకున్నా. బల్బు లేకుండా పసిపిల్లలు బతికినట్టు నా సర్వీసులో ఎక్కడా చూళ్లేదు. అరగంటకోసారి వచ్చి చూశా కూడా. వేడెక్కితే కోడిపిల్ల ముక్కు తెరిచి రొప్పుతుంది, అప్పుడు బల్బు ఆర్పుతాం. వీళ్లేమో ఐదుగురూ నోరు మూసుకుని నన్ను చూసి నవ్వుతూనే ఉన్నారు. హాయిగా ఉందేమో అనుకున్నా!"