మామూలు ఊపిరి

ఆ రోజు మునిరామయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున ఎనిమిదింటికి తిరుచానూరులో ఆటో ఎక్కడం, తిరుపతిలో ఛాతీ డాక్టరు దగ్గర ఊపిరి పరీక్ష చేయించుకోవడం, మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి రాగి సంగటి తినడం. నలభై ఏళ్లుగా నాదస్వరం ఊదుతున్న మనిషికి ఊపిరి తీయడం కూడా ఒక పనేనా?

అయితే దాని మీద ఆధారపడ్డది మాత్రం చిన్నది కాదు. ఏడాదిగా ఆయనకు నాలుగు మెట్లెక్కితే ఆయాసం. భార్య దేవకమ్మ తీర్పు చెప్పేసింది. "నీ ఊపిరి బాగలేదని మిషను సెప్పిందంటే ఆ గొట్టాన్ని అటకెక్కించేది నేనే, సూస్కో." కార్తీక బ్రహ్మోత్సవాలకు ఇంకా పది రోజులే ఉన్నాయి. అమ్మవారి వాహనం ముందు తను లేకుండా మేళం నడవడమన్న ఊహకే ఆయనకు మెట్లెక్కినంత ఆయాసం వచ్చేది.

పరీక్ష గదిలో రూపశ్రీ అనే అమ్మాయి ఆయనకు ముక్కూ నోరూ మూసుకునేలా మాస్కు తగిలించి, దాని గొట్టం చేతికిచ్చింది. ఇది గట్టిగా ఊదే పాత పరీక్ష కాదనీ, ఊరికే కూర్చుని ఊపిరి తీస్తుంటే చాలనీ, బయటికొచ్చే గాలికి లోపల అడ్డముంటే తెర మీద గీత సొట్టపడుతుందనీ వివరించింది. "రెండు నిమిషాలు మామూలుగా ఊపిరి తీయండి పెద్దాయనా. అంతే."

చేతికి గొట్టమిచ్చి మామూలుగా ఉండమంటే ఆయనెలా ఉంటాడు? కళ్లు మూసుకుని, తోడి రాగం ఎత్తుకునేటప్పటిలా గాలి లాగి, సన్నగా, తొణక్కుండా వదిలాడు. గీత దారంలా సాగి సాగి తెర అంచు దాటిపోయింది. ఇంట్లో వరండాలో కూర్చున్నట్టు అనుకోమంది రూపశ్రీ. వరండాలో ఆయన చేసేది సాధనే. ఈసారి వేళ్లు గొట్టం మీద ఆడాయి, గీత ఆదితాళానికి సరిపడా మెట్లు మెట్లుగా వచ్చింది. పరీక్ష గట్టెక్కినట్టేనని ఆయన లోలోపల మురిసిపోయాడు.

మనిషి ఊపిరి అలా ఉండదు గనక, చెడింది మిషనేనని రూపశ్రీ అనుకుంది. ఇంజనీరు లోకేష్‌ను పిలిచింది. అతను తీగలన్నీ పీకి మళ్లీ పెట్టేసరికి గంట పట్టింది. బయట బెంచీల మీద దగ్గూ పెరిగింది, గొణుగుడూ పెరిగింది. చివరికి, ఏ జబ్బూ లేని మనిషి మీద పెట్టి చూద్దామన్నాడు లోకేష్.

"నాకేం జబ్బుండాది? నాకు పెట్టండి," అంటూ భర్త వెంట వచ్చిన దేవకమ్మ కుర్చీలో కూర్చుంది. ఆమెకు ఏ రాగమూ రాదు. మామూలుగా ఊపిరి తీసింది. గీత సొట్టపడింది. మళ్లీ పెట్టారు. మళ్లీ సొట్టే.

లోకేష్ ఇక లాభం లేదని మిషనును అట్టపెట్టెలో సర్దబోయాడు. తెల్లారుజామునే గూడూరులో రైలెక్కి వచ్చిన చెంగయ్య అనే రోగి, తనకు పరీక్ష చేయందే కదలనివ్వనని తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. గత్యంతరం లేక రూపశ్రీ తనే మాస్కు పెట్టుకుంది. గీత ఏ సొట్టా లేకుండా గుండ్రంగా వచ్చింది. లోకేష్ పెట్టుకున్నాడు. అదీ గుండ్రమే. ఇద్దరూ నెమ్మదిగా దేవకమ్మ వైపు తిరిగారు.

డాక్టరు కృపామణి వచ్చి ఒకే ప్రశ్న వేసింది. "వంట దేని మీద చేస్తారమ్మా?"

"గ్యాసుండాది మేడమ్. కట్టెల పొయ్యి మింద గెలికితేనే సంగటికి రుచి. పెండ్లయినప్పట్నించీ అంతే. అప్పుడప్పుడూ దగ్గొస్తాది, అది పొగ దగ్గులే."

మునిరామయ్యకు అప్పుడు తట్టింది. ముప్పై ఎనిమిదేళ్లుగా తను వరండాలో నాదస్వరం ఊదుతుంటే, వెనక వంటింట్లో ఆమె ఊదుగొట్టంతో పొయ్యి ఊదుతూనే ఉంది. తన ఆయాసం వీధి వీధంతా ఎరుగును. ఆమె దగ్గును తనే పట్టించుకోలేదు. ఆయనకు సిగ్గేసింది. రూపశ్రీ మళ్లీ తనకు మాస్కు తగిలించిందన్న సంగతి కూడా తెలియలేదు. రాగం, తాళం మరిచి, భార్యనే చూస్తూ దిగాలుగా కూర్చున్నాడు.

"వచ్చింది పెద్దాయనా, మామూలు ఊపిరి," అంది రూపశ్రీ.

ఆయన గీతకు కొద్దిగానే సొట్ట. రోజూ పీల్చే మందు వాడుతూ, కీర్తనకూ కీర్తనకూ మధ్య కాస్త ఆగితే ఊదుకోవచ్చని డాక్టరు చెప్పింది. దేవకమ్మకూ అదే మందు రాసింది గానీ, ఆమె మాత్రం ఇకమీదట పొయ్యి ఊదనే కూడదంది.

తిరుగు ఆటో ఎక్కింది మొదలు, గ్యాసు మీద సంగటి తనే గెలుకుతానని మునిరామయ్య బతిమాలుతూనే ఉన్నాడు. ఎంతైనా దేవకమ్మ మాట తప్పే మనిషి కాదు. ఆ సాయంత్రమే గొట్టాన్ని అటకెక్కించింది, పొయ్యి పక్కనున్నదాన్ని.